ప్రస్తుత చిరునామా: పెళ్ళికూతురి గది

నా సర్వీసులో ఆఖరి పోస్టింగు విజయవాడలో, మా బ్యాంకు గృహరుణాల ప్రాసెసింగ్ సెంటర్‌లో. రిటైర్‌మెంట్‌కి ఇంకా కొన్నేళ్ళు ఉన్నాయనగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో అక్కడ మేనేజరుగా చేరాను. అంతకుముందు ఉద్యోగమంతా బ్రాంచీల్లోనే గడిచింది. బ్రాంచిలో ముందు మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటాడు, కాగితం తరువాత వస్తుంది. ప్రాసెసింగ్ సెంటర్‌కి వచ్చేది కాగితమే. అప్పు అడిగినవారి ముఖం చూడకుండానే వాళ్ళ ఫైలు మొదలై ముగిసిపోతుంది.

ఇల్లు కొనడానికి దరఖాస్తు పెట్టుకున్నవారి ఫైలు బ్రాంచి నుంచి మాకు చేరగానే కొనబోయే ఇంటి పత్రాలు బ్యాంకు జాబితాలో ఉన్న ప్యానెల్ లాయరుకు వెళ్ళేవి. ఆయన పాత దస్తావేజులన్నీ చూసి, అమ్మేవారికి పూర్తి హక్కు ఉందో లేదో అభిప్రాయం రాస్తారు. ఇంటి విలువ కట్టడానికి ఒక ఇంజనీరు వెళతారు. వీటితోపాటే ఫీల్డు వెరిఫికేషన్ జరుగుతుంది. బ్యాంకు నియమించుకున్న ఏజెన్సీ మనిషి ముందుగా చెప్పకుండా దరఖాస్తుదారు ఇంటికీ, పనిచేసే చోటికీ వెళ్ళి, వాళ్ళు నిజంగా అక్కడ ఉంటున్నారా, ఇరుగుపొరుగు ఏమంటున్నారు అని విచారించి రిపోర్టు ఇస్తాడు. ఆ రిపోర్టు పాజిటివో నెగెటివో అయి ఉండాలి. నెగెటివ్ వచ్చిన ఫైలును తిరస్కరించడానికి ఎవరూ పెద్దగా ఆలోచించరు. తిరస్కరించినందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చిన అధికారిని నా సర్వీసులో చూడలేదు.

మే నెలలో నా టేబుల్ మీదికి వచ్చిన ఒక ఫైల్లో ఇంటి రిపోర్టు, పనిచేసే చోటి రిపోర్టు రెండూ నెగెటివే. దరఖాస్తుదారు పేరు కరుణ. భవానీపురంలో కర్రీ పాయింట్ నడుపుతోంది. ఇంట్లో వండిన కూరలు, పప్పు, సాంబారు వీధి మొగలో ఉన్న చిన్న షాపులో మధ్యాహ్నం, రాత్రి ప్యాకెట్లు కట్టి అమ్మడం ఆమె వ్యాపారం. భర్త ప్రసాద్ ఒక ప్రైవేటు కాలేజీలో బస్సు డ్రైవరు. గొల్లపూడిలో రెండు గదుల పాత డాబా కొనడానికి అగ్రిమెంటు రాసుకుని, ఉన్నదంతా అడ్వాన్సుగా ఇచ్చి, మిగతాదానికి మా బ్యాంకుకు వచ్చారు. ఇంటి చిరునామా దగ్గర ఏజెన్సీ రాసింది: ‘భవనం కూల్చివేశారు. దరఖాస్తుదారు ఆచూకీ లేదు.’ షాపు దగ్గర: ‘మూసి ఉంది.’

తిరస్కరణ లేఖ తయారు చేయించడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. అయినా బ్రాంచి అలవాటు పోక ఫోన్ చేశాను. ఆవిడే ఎత్తింది. వెనకాల పోపు వేగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇల్లు మారారా అని అడిగితే, మారామనీ, బ్రాంచిలో చెప్పామనీ, కొత్త అడ్రసు ఎక్కించడానికి వాళ్ళు అద్దె అగ్రిమెంటు అడిగారనీ, అది తమ దగ్గర లేదనీ వరసగా చెప్పింది. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నాను.

“ఫంక్షన్ హాల్లోనండి. పైన పెళ్ళికూతురి గదిలో.”

మర్నాడు ఆటోలో వెళ్ళాను. పెళ్ళిళ్ళు లేని హాలును నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి గోడ పొడవునా పేర్చి ఉన్నాయి. వేదిక మీద వధూవరులు కూర్చునే ఎర్ర మఖమల్ సోఫాలో ఒక పెద్దావిడ కాళ్ళు ముడుచుకుని గోంగూర తుంచుతోంది. కరుణ అత్తగారు. గాలి అక్కడ బాగా వస్తుందని, నన్ను కూడా వచ్చి కూర్చోమంది. పై గదిలో గోడంతా అద్దం, దాని చుట్టూ బల్బులు. అద్దం ముందున్న బల్ల మీద ముఖానికి రాసుకునేవి ఉండవలసిన చోట బియ్యం డబ్బా, మందుల పెట్టె, బైబిలు ఉన్నాయి. వంట మాత్రం హాలు వెనక షెడ్డులో. వేలమందికి వండే ఆ పొయ్యిల మధ్య ఆమె గిన్నెలు చిన్నపిల్లల ఆటసామానులా కనిపించాయి.

కరుణకు నలభై దాటి ఉంటాయి. గరిట వదలకుండానే జరిగింది చెప్పింది. వాళ్ళు అద్దెకున్న ఇంటిని యజమాని అపార్ట్‌మెంటు కట్టడానికి బిల్డరుకు ఇచ్చేశాడు. ఖాళీ చేయక తప్పలేదు. గొల్లపూడి ఇల్లు చేతికి వచ్చేదాకా ఎక్కడైనా ఉందామని వీధివీధీ వెతికారు. ఇంటివాళ్ళు పేరు అడిగేవారట, వంట వ్యాపారమని వినేవారట, మళ్ళీ ఫోన్ చేస్తామనేవారట. ఆ రెండింటిలో దేనివల్ల కాదన్నారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ ఏడాది గురుమూఢం, శుక్రమూఢం ఒకదాన్నొకటి ఆనుకుని వచ్చాయి. ఆ వెనకే ఆషాఢం. శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. హాలు యజమాని సుబ్బారావు గారు ఆమె దగ్గర రోజూ కూర తీసుకునే మనిషి. హాలు ఎలాగూ ఖాళీయే గదా, శ్రావణంలో మొదటి పెళ్ళి వచ్చేదాకా ఉండమన్నారు. మూఢంలో ఇల్లు మారకూడదని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారట. మాకు ఆ పట్టింపు లేదండీ, ఉన్నా అప్పుడు పట్టించుకునే వీల్లేదు అంది.

సుబ్బారావు గారిని పిలిపించి, వీళ్ళు ఇక్కడ ఉంటున్నట్టు రాసిస్తారా అని అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వారు.

“ఉండనిచ్చాను గానీ మేడమ్ గారూ, కాగితమంటే మా అన్నదమ్ములందరూ సంతకం పెట్టాలి. ఒక్కొక్కరూ ఒక్కో మాట అంటారు. నోటిమాటగా అయితే ఎవరొచ్చి అడిగినా చెబుతాను, ఇక్కడే ఉంటున్నారని.”

షాపు సంగతి సులభంగా తేలింది. ఏజెన్సీ మనిషి వెళ్ళింది మధ్యాహ్నం బేరం అయిపోయి, రాత్రి బేరం మొదలుకాని వేళ. ఆ సమయంలో ఏ కర్రీ పాయింటూ తెరిచి ఉండదు. భోజనాల వేళ మళ్ళీ వెళ్ళమని పంపించాను. హాస్టలు పిల్లలు, ఆఫీసులవాళ్ళు నిలబడి ఉన్నారనీ, పదేళ్ళుగా అదే షాపనీ పక్కవాళ్ళు చెప్పారనీ ఈసారి రిపోర్టు వచ్చింది. ఇక మిగిలింది నివాసం. చిరునామాకు ఆధారం లేనప్పుడు బ్యాంకు అధికారి స్వయంగా చూసి, నిబంధన నుంచి మినహాయింపు కోరుతూ నోట్ పెట్టవచ్చు. దాన్ని డీవియేషన్ నోట్ అంటాం. ఒప్పుకునే అధికారం చీఫ్ మేనేజరుది. ప్రస్తుత చిరునామా అన్నచోట ‘ఫంక్షన్ హాలు, మొదటి అంతస్తు, పెళ్ళికూతురి గది’ అని రాసి పంపాను.

మా చీఫ్ మేనేజరు గారు అది చదివి నవ్వారు. తరువాత ఫైలు పక్కన పెట్టారు. ఆయన మొండిమనిషి కారు. అంతకుముందు పనిచేసిన ఊళ్ళో ఒకడు దొంగ చిరునామాతో అప్పు తీసుకుని మాయమైతే, ఆ విచారణ చాలాకాలం ఆయన్ని వదల్లేదు. శ్రావణంలో వీళ్ళు అక్కణ్ణుంచి కూడా లేచిపోతే, రేపు ఆడిట్‌వాళ్ళు అడిగితే ఎక్కడ చూపిస్తారు మేడమ్ అన్నారు. ముందు లీగల్ ఒపీనియన్ రానివ్వండి, చూద్దాం అన్నారు.

ఒపీనియన్ వచ్చింది గానీ అందులో ఇంకో చిక్కు. ఆ ఇల్లు అమ్మే ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. ఆయనకు ఒక అక్కగారు ఉన్నారు, కూచిపూడి దగ్గర పల్లెలో. ఆవిడ తన వాటా వదులుకుంటున్నట్టు రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజు ఉంటేనే హక్కు సంపూర్ణమవుతుందని లాయరు రాశారు. అక్కాతమ్ముళ్ళకు చాలాకాలంగా మాటల్లేవు. అమ్మే ఆయన నేను అడగను పొమ్మన్నాడు. అగ్రిమెంటు గడువు దగ్గరపడుతోంది, వేరే కొనుగోలుదారు కూడా సిద్ధంగా ఉన్నాడు. ఈ సంగతి ఫోన్లో చెబుతున్నప్పుడు, ఇక వేరే ఇల్లు చూసుకోవడం మంచిదని కూడా చెప్పాను. కరుణ అంతా విని, ఆ అక్కగారి ఊరి పేరు అడిగింది.

మధ్యాహ్నం బేరం అయ్యాక, రాత్రి బేరం భర్తకూ అత్తగారికీ అప్పగించి బస్సెక్కేది. మొదటిసారి ఆ అక్కగారు గుమ్మంలోకి కూడా రాలేదు. రెండోసారి అరుగు మీద కూర్చోనిచ్చారు. సంతకం మాట ఎత్తకుండా, తామిప్పుడు ఎక్కడ ఉంటున్నదీ, ఎలా వండుకుంటున్నదీ చెప్పి వచ్చానని కరుణ తరువాత నాతో అంది. ఆవిడే చివరికి అడిగిందట, తమ్ముడు ఎలా ఉన్నాడని. నాన్న కట్టిన ఇల్లు అమ్ముతున్నానని నాకొక మాట చెప్పలేదు, నాకు వాటా ఏమీ అక్కర్లేదు, ఆ మాట చెప్పనందుకే నా కోపం అని కళ్ళు తుడుచుకుందట.

కరుణ ఆ మాటను తీసుకుని నేరుగా గొల్లపూడి వెళ్ళింది. అమ్మే ఆయన ముందు కసిరాడు. ఆమె వెళ్ళిపోకుండా వరండాలోనే నిలబడింది. తన ఫోన్లో ఆ అక్కగారి నంబరు కలిపి ఆయన చేతికి ఇచ్చింది. అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో తను వినలేదని, గేటు బయటికి వచ్చి నిలబడ్డానని చెప్పింది. ఆ అక్కగారు విజయవాడ వచ్చి విడుదల దస్తావేజు మీద సంతకం చేశారు. అగ్రిమెంటు గడువు శ్రావణం ఆఖరు దాకా పొడిగించడానికి తమ్ముడు ఒప్పుకున్నాడు.

లాయరు అభ్యంతరం తొలగింది. డీవియేషన్ నోట్ మళ్ళీ పైకి పంపాను. అప్పటికి శ్రావణం వచ్చేసింది. చీఫ్ మేనేజరు గారు సంతకం పెట్టలేదు, కాదనీ అనలేదు. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారో లేదో మనిద్దరం వెళ్ళి చూద్దాం పదండి అన్నారు. నేను కరుణకు ఫోన్ చేయలేదు. ముందుగా చెబితే అది వెరిఫికేషన్ కాదు.

హాలు ముందు అరటిచెట్లు కడుతున్నారు. లోపల వేదికకు పూలదండలు వేలాడదీస్తున్నారు. మఖమల్ సోఫా మీద కొత్త గుడ్డ పరిచి ఉంది. పై గది తలుపు తెరిచి చూస్తే ఖాళీ. అద్దం ముందు బల్ల తుడిచి పెట్టారు. చీఫ్ మేనేజరు గారు నావైపు చూశారు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన సుబ్బారావు గారు, వాళ్ళు వెనక జనరేటరు గది పక్కన కుర్చీల స్టోరులోకి మారారండీ, అది కూడా ఈ పెళ్ళి వరకే అన్నారు.

స్టోరులో చుట్టిన తివాచీల పక్కన రెండు ట్రంకు పెట్టెలు, పరుపులు, మూలన నవారు మంచం మీద అత్తగారు ఉన్నారు. కోడలు షాపు దగ్గర ఉందన్నారు. నడిచి వెళ్ళాం. మధ్యాహ్నం బేరం సాగుతోంది. కరుణ మమ్మల్ని చూసి కూడా చేతిలో పని ఆపలేదు. వరసలో ఉన్నవాళ్ళను పంపించాక బయటికి వచ్చింది. పెళ్ళివంటవాళ్ళు షెడ్డు తీసేసుకోవడంతో, షాపు వెనక సందులోనే పొయ్యి పెట్టుకున్నారు.

చీఫ్ మేనేజరు గారు ఆమెను అడిగింది ఒక్కటే. ఇంత అవస్థ ఎందుకు, ఈ కొద్ది నెలలు వ్యాపారం ఆపి, బంధువుల ఊరికి వెళ్ళి ఉండవచ్చు గదా అన్నారు.

“మైలవరంలో మా అన్నయ్య రమ్మన్నాడు సార్. వెళితే తిండికీ నిద్రకీ లోటు లేదు. కానీ షాపు రెండు నెలలు మూసేస్తే ఈ జనం మళ్ళీ రారండీ, పక్కన ఇంకొకరు పెడతారు. ఇల్లు లేకపోయినా ఎక్కడో ఒకచోట పడుకుంటాం. షాపు పోతే మీరు అప్పిచ్చినా నేను కట్టలేను గదా.”

ఆమె గొంతులో ప్రాధేయపడడం లేదు. లెక్క చెబుతున్నట్టే చెప్పింది. షాపు ముందు ఎవరో పప్పు అడిగితే, ఒక్క నిమిషం సార్ అని లోపలికి వెళ్ళింది.

చీఫ్ మేనేజరు గారు ఆఫీసుకు రాగానే ఫైలు తెప్పించుకుని, నా నోట్ కింద ‘స్వయంగా చూశాను. నివాసం తాత్కాలికం, జీవనాధారం స్థిరం. మంజూరు’ అని రాసి సంతకం పెట్టారు. వారం తిరక్కుండానే రిజిస్ట్రేషన్ అయింది. ఆ సాయంత్రమే సామాను గొల్లపూడి చేరింది. శ్రావణమాసపు పెళ్ళిళ్ళు మాత్రం ఆ హాల్లో సాగుతూనే ఉన్నాయి.

నేను రిటైర్ అయ్యేనాటికి ఆ ఖాతా ఒక్కసారి కూడా మా బకాయిల జాబితాలోకి రాలేదు. అయినా దీన్ని మంచివాళ్ళకు మంచి జరిగిన కథగా చెప్పడం నా ఉద్దేశం కాదు. అప్పు ఇచ్చేచోట పనిచేసేవారికి ఇందులో ఒక విషయం ఉంది. ఒకే చిరునామాలో ఎన్నాళ్ళుగా ఉంటున్నారన్నదానికి మా పద్ధతిలో మార్కులుంటాయి. సొంత ఇల్లు లేక, అద్దె ఇల్లు నిలవక తిరుగుతున్నవారే ఇంటి అప్పు కోసం వస్తారని ఆ మార్కులు వేసే పట్టికకు తెలియదు. ఆ తరువాత నా సెక్షన్‌లో ఒక పద్ధతి పెట్టాను. చిరునామాలో లేరని రిపోర్టు వస్తే, ఎందుకు లేరో, ఇప్పుడు ఎక్కడ ఉన్నారో ఒక అధికారి కనుక్కుని రాశాకే తిరస్కరించాలి. అలా కనుక్కున్నవాటిలో చాలావరకు తిరస్కరణే సరైనదని తేలింది. కొన్నిటిలో కాదని తేలింది.