కొత్త పెనం కాల్చిన పొద్దు

హోసూరు పక్కన తళి ఊళ్ళో గాలికి అంగాళమ్మ అంటే భయం. మార్గశిరపు మంచుగాలి ఆమె వాకిట్లో చెప్పులు విడిచి, "లోపలికి రావచ్చునా తల్లీ" అని అడిగి, వద్దంటే తల వంచుకుని బెంగళూరు దారి పట్టేదట. ఇది ఆమె మనవరాలి మాట, నమ్మనివాళ్ళు మానుకోవచ్చు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో ఏ ఇంట బిడ్డ పుట్టినా బాలింత గదికి కాపలా కాసింది మాత్రం నిజంగా ఆమే. కిటికీకి కంబళి, తలుపు కింది సందులో గోనెపట్టా, బాలింత చెవుల్లో దూది. తాను కాసిన బిడ్డ ఒక్కటీ తుమ్మలేదని ఆమెకు మహా గర్వం.

2003లో సొంత కోడలు చిత్రే బాలింత అయింది. ఇల్లంతా కలిపి ఒకటే గది. ఒక మూల మంచం, ఇంకో మూల గ్యాస్ పొయ్యి, మధ్యలో పంజరంలో కొడుకు ముచ్చటగా పెంచుకునే రెండు లవ్ బర్డ్స్. బిడ్డకు పన్నెండో దినం. చిత్ర అన్న వరదప్ప హోసూరు నుంచి నల్లగా నిగనిగలాడే నాన్ స్టిక్ పెనం తెచ్చి ఇచ్చిపోయాడు.

"దీనికి ఏదీ అంటుకోదంట అత్తా," అంది చిత్ర.

"కాల్చని పెనం, పెండ్లి కాని మొగోడు ఒకటే. రెండూ మాట వినవు," అంది అంగాళమ్మ.

ఇనుప పెనానికి చేసినట్టే దీనికీ చేసింది. ఖాళీగా పొయ్యి మీద పెట్టి మంట పెంచింది. బాగా కాలితే సగం కోసిన ఎర్రగడ్డతో, అదే ఉల్లిగడ్డతో, రుద్ది నూనె పట్టించాలి. ఎర్రగడ్డ చేతిలో పెట్టుకుని ఎదురు చూసింది. అనుకున్నంత పొగ రాలేదు. మొండి పెనం, ఇంకా కాలలేదనుకుని మంట మీదే వదిలేసింది.

పంజరంలో టప్ మని చప్పుడైంది. పచ్చ పక్షి కొమ్మ మీది నుంచి కింద పడి, నోరు తెరిచి కొట్టుకుంటోంది.

"యాడో గాలి దూరింది," అని అంగాళమ్మ లేచింది. కంబళి అంచులు మేకులకు బిగించింది. గోనెపట్టాను కాలితో ఇంకా లోపలికి కుక్కింది. తిరిగి చూసేసరికి పచ్చది కదలడం లేదు.

బిడ్డ పాలు వదిలేసి దగ్గింది. చిన్న దగ్గు, పిల్లి తుమ్మినట్టు. మళ్ళీ దగ్గింది. డొక్క లోపలికి పోయి బయటికి వస్తోంది.

"అత్తా, నాకూ గుండె పట్టేసినట్టుంది."

అంగాళమ్మ గొంతులోనూ ఏదో గీరుతోంది. అంతలో నీలం పక్షి కూడా పడింది. కంబళి బిగిసే ఉంది. సందు మూసే ఉంది. అయితే బయటి నుంచి వచ్చింది కాదు. ఆమె చూపు పొయ్యి మీదికి పోయింది.

పొయ్యి ఆర్పింది. గోనెపట్టా లాగి పారేసింది. బిడ్డను కొంగులో చుట్టి తలుపు తన్ని మంచులోకి పరుగెత్తింది. వెనకే చిత్ర.

ఎదురింటి నంజమ్మ బిందె దించి నోరు నొక్కుకుంది. "ఏమక్కా, తెలివి తప్పిందా? బాలింతను మంచులో నిలబెడతావా? ఊరందరికీ చెప్పేదానివి నువ్వే కదా."

"చెప్పినాను. ఇప్పుడు వద్దంటా ఉండాను. ఆటో పిలువు."

బిడ్డ పెదాలు రంగు మారాయి. అంగాళమ్మ ఆ చల్లగాలికే బిడ్డ ముఖం తిప్పి పట్టుకుంది. పది దగ్గులు లెక్కపెట్టింది. పదకొండోది రాలేదు, ఏడుపు వచ్చింది.

హోసూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతా విని, "ఆ పెనం పూతలో ఫ్లోరిన్ కలిసిన మందు ఉంటుందమ్మా. ఖాళీగా కాలిస్తే విషపు ఆవిరి వస్తుంది. మూసిన గదిలో పక్షులు ముందు పోతాయి," అంది. బిడ్డను రెండు రోజులు ఉంచుకుని పంపారు. అంగాళమ్మకు ఆ సాయంత్రమే ఆ ఆవిరి దెబ్బకు వణుకు జ్వరం పట్టింది. పొద్దునకు వదిలింది.

ఆ తర్వాత కూడా ఆమె బాలింతలను కాసింది. పొయ్యి వెలిగిస్తే మాత్రం కంబళి ఒక మూల ఎత్తేది.

ఆ బిడ్డే రంజిత. పదో తరగతి తప్పి, గులాబీ తోటలో పూలు కోస్తూ ఇదంతా రాసింది. రాసి అవ్వకు చదివి వినిపించింది.

"నా ప్రాణం నిలబెట్టినావని రాసినాను అవ్వా. అచ్చు వేసేవాళ్ళను నీ ఫోటో కూడా వేయమందునా?"

అంగాళమ్మ నవ్వలేదు. "ఒక పక్షి పడినాక కూడా గోనెపట్టా కుక్కింది నేనే. ఆ మాటను కొట్టేసినావంటే చేయి విరుస్తాను."