సోమవారం ఫ్రీ డెమో, సుధాకర్ సార్

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది, సుధాకర్ అన్న పోయాడని.

"ఏ సుధాకర్?" అని అడిగాను. తెలిసీ అడిగాను.

క్లాసులోనే ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడట. హాస్పిటల్‌కి తీసుకెళ్తుంటే పంజాగుట్ట జంక్షన్‌లో ట్రాఫిక్. అక్కడే అయిపోయింది.

అమీర్‌పేట కోచింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన దగ్గర జావా నేర్చుకోనివాళ్లు మా ఫ్రెండ్స్‌లో తక్కువ. కానీ అన్నకి జావా అంటే ఒళ్లు మంట. ప్రాణమంతా క్రిప్టోగ్రఫీ థియరీ మీదే, అంటే రహస్య సంకేతాల వెనకుండే లెక్కల మీద. దాంట్లో రీసెర్చ్ చేయాలి, అంతే. జావా పొట్టకూటికి.

ఇన్‌స్టిట్యూట్ ఓనర్ సిలబస్ దాటనిచ్చేవాడు కాదు. కొత్త బ్యాచ్‌కి ముందు పెట్టే ఫ్రీ డెమో రోజు మాత్రం అన్న ఇష్టం.

ఆ రోజు ఒకడిని బయట నిలబెట్టి, ఇంకొకరిని పిలిచి రెండు పెద్ద ప్రైమ్ నంబర్లు గుణించమనేవాడు. తర్వాత, బయట నిలబెట్టినవాడిని లోపలికి పిలిచి, జవాబు మాత్రం చూపించి, ఏ రెండిటిని గుణిస్తే ఇది వచ్చిందో చెప్పమనేవాడు. వాడికి చెమటలు పట్టేవి. ఒక డెమోలో ఆ బలిపశువుని నేనే.

"పోవుడు అల్కగ, వాపస్ వచ్చుడు కష్టం. మన బ్యాంకుల తాళాలన్నీ గీ నమ్మకం మీదనే ఉన్నయ్. కానీ వాపస్ వచ్చే అల్కటి తొవ్వ లేదని ప్రూవ్ చేసినోడు ఒక్కడు సుత లేడు తమ్మీ. నేను చెయ్యాల్సిన పని గదే."

హాలంతా చప్పట్లు. మర్నాడు అందరూ జావాకి చేరిపోయేవాళ్లు.

అదే ఆయన మెడకి చుట్టుకుంది.

డెమో ఎంత బాగా చెబితే బ్యాచ్ అంత నిండేది. బ్యాచ్ నిండితే ఓనర్ వదలడు. "ఈ ఒక్క బ్యాచ్ అవగానే వెళ్లండి సార్, ఏంటండీ తొందర?" అనేవాడు. అన్నకి మొహమాటం ఎక్కువ. రీసెర్చ్ సీటు చేతిదాకా వచ్చి జారిపోయింది.

"డెమో చెడగొట్టన్నా, వాళ్లే పంపించేస్తారు" అన్నాను ఒకసారి.

తాగుతున్న ఛాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"నాదంటూ ఉన్నది గా ఒక్క గంటనే కదా తమ్మీ. దాన్ని సుత చెడగొట్టుకోవాల్నా?"

నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలీదు.

ఇవాళ అటు వెళ్లాను. ఇన్‌స్టిట్యూట్ కింద స్తంభానికి అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది. సోమవారం ఫ్రీ డెమో, సుధాకర్ సార్. ఎవరో అమ్మాయి ఆగి టైమ్ చూసుకుంటోంది.

ఆమె వెళ్లాక చించి జేబులో పెట్టుకున్నాను.

అన్నా, సోమవారం నువ్వు రానక్కర్లేదు. ఇక ఏ బ్యాచ్ లేదు.

ప్రశాంతంగా కూర్చుని నీ లెక్క చూసుకో.