మధ్య సీటులో మా సుగుణ వదిన

నిన్న పొద్దున్న అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన లేవట్లేదే" అన్నాడు.

లేవకపోవడం ఏంటి? మొన్న సాయంత్రమే కదా నాతో ఫోన్‌లో గొడవపడింది!

నేను కాకినాడ నుంచి మండపేట చేరేసరికి డాక్టర్ వచ్చి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది.

అందుకని ఈ పోస్ట్‌లో "దేవతలాంటి మనిషి", "నోట్లో నాలుక లేని మనిషి" లాంటివి ఉండవు. కామెంట్లలో మీరూ పెట్టకండి. వదిన నోట్లో నాలుక శుభ్రంగా ఉంది. మా ఇంట్లో వినే చెవులే తక్కువ.

మీలో చాలామందికి ఆవిడ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా తెలుసు. నాకు వదిన అనగానే కళ్ళ ముందుకొచ్చేది కారులో మధ్య సీటు.

మా ఇంట్లో కారెక్కే పద్ధతి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. స్టీరింగ్ అన్నయ్యది. పక్క సీటు అల్లుడుగారిది, అంటే మా అక్క భర్త, బావగారిది. వెనక ఒక కిటికీ అమ్మది. రెండోది అక్కది, గాలి తగలకపోతే అక్కకి కడుపులో తిప్పుతుంది. ఇక మిగిలేది మధ్యలో, కాళ్ళ కింద దిమ్మ ఉన్న చోటు. అది కోడలిది. ఒళ్ళో టిఫిన్ క్యారియర్ అదనం.

ఆ కారులో నడుము నొప్పి ఉన్నది వదిన ఒక్కదానికే. డిస్క్ జారిందని డాక్టర్ చెప్పాక కూడా సీటు మారలేదు.

కిందటేడు పాత కారు ఇచ్చేసి హైబ్రిడ్ కొందామన్నాడు అన్నయ్య. రాజమండ్రిలో షోరూంలన్నీ తిరిగాం. అన్నయ్య మైలేజ్ అడుగుతున్నాడు. బావగారు సన్‌రూఫ్ తెరిచి మూస్తున్నారు. వదిన మాత్రం నన్నో పక్క, అక్కనో పక్క కూర్చోబెట్టి, తను మధ్యలో ఇరుక్కుని చూసేది.

మొదటి కారులో బ్యాటరీ డిక్కీలో సగం తినేసింది. "సామాను మళ్ళీ నా ఒళ్ళోకే" అని దిగిపోయింది.

రెండోదాంట్లో వెనక సీటు మరీ ఎత్తు, తల పైకప్పుకి తగిలింది. పైగా ఆర్మ్‌రెస్ట్ మడత సరిగ్గా నడుములో గుచ్చుకుంది.

మూడోదాంట్లో దిమ్మ తక్కువ. సీటు తొడల కింద వరకూ ఆనింది. అందులోంచి ఎంతసేపటికీ దిగలేదు.

సేల్స్ ఆయన నవ్వాడు. "మేడమ్, మిడిల్ సీట్ ఎవరూ చూడరండి."

"అక్కడ కూర్చునేవాళ్ళని షోరూంకి తీసుకురారు కదండీ, అందుకు" అంది వదిన.

నేను అక్కడే పోట్లాటకి దిగాను. "మధ్య సీటు మెత్తగా కావాలంటావేంటి వదినా? కిటికీ అడుగు!"

"కిటికీ అడిగితే నెలరోజులు పంచాయితీ పెడతారు. మెత్తటి సీటైతే ఎవరికీ నష్టం లేదు, ఇచ్చేస్తారు" అంది.

అన్నయ్య ఆ మూడోదే కొన్నాడు. మైలేజ్ కూడా బాగుంది లెండి.

మొదటి ప్రయాణం కొవ్వూరులో పెళ్ళికి. నేను బస్సుకి బయల్దేరుతూ గేటు దగ్గర ఉన్నాను, కళ్ళారా చూశాను. ఆ రోజు వదిన అందరికంటే ముందు వచ్చి కిటికీ పక్కన కూర్చుంది.

బావగారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు. "అదేంటి చెల్లెమ్మా! మధ్యలోది బాగుండాలని షోరూంలన్నీ తిప్పావు. తీరా కొన్నాక నీ సీటు నువ్వే వదిలేస్తే ఎలా?"

అందరూ నవ్వారు. అక్క తలుపు పట్టుకుని నిలబడింది.

"అవును అన్నయ్యగారూ, నా సీటే" అని వదిన జరిగింది. నవ్వుతూనే జరిగింది, పట్టుచీర కుచ్చిళ్ళు దిమ్మ మీంచి లాక్కుంటూ.

చూశారా? సుఖం మాత్రమే అడిగితే జరిగేది ఇది. ఇరుకు చోటుకి మెత్తటి గుడ్డ తొడిగి, నీ పేరు రాసి ఇస్తారు. ఆ తర్వాత నొప్పి అనడానికి కూడా వీల్లేదు. సెలెక్ట్ చేసుకుంది నువ్వే కదా!

మొన్న ఫోన్‌లో గొడవ కూడా దీని గురించే. వచ్చే నెల అన్నవరం వెళ్దామనుకున్నారట. "ఈసారి కిటికీ దగ్గర్నించి జరిగావంటే నీతో మాట్లాడను" అన్నాను.

"ఫేస్‌బుక్‌లో అరవడం కాదు, నువ్వూ రా. వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడు" అంది.

వస్తానన్నాను.

నిన్న రాజమండ్రి ఘాట్‌కి ఆడవాళ్ళు రాకూడదన్నారు. వెళ్ళాను. నాతో వాదించే ఓపిక నిన్న ఎవరికీ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా కారు అన్నయ్య ఫ్రెండ్ నడిపాడు. బావగారు అలవాటుగా ముందు ఎక్కారు. వెనక ఒక కిటికీ దగ్గర మా చిన్నాన్న, రెండోదాని దగ్గర నేను. స్నానం చేసి తడిబట్టలతో అన్నయ్య ఆఖర్న వచ్చాడు. తలుపు దగ్గర ఆగి నా వైపు చూశాడు.

నేను జరగలేదు. దిగి, అన్నయ్య లోపలికి వెళ్ళాక మళ్ళీ కిటికీ దగ్గరే కూర్చున్నాను.

కొన్నప్పటి నుంచి స్టీరింగ్ ముందు తప్ప ఆ కారులో ఎక్కడా కూర్చోని మనిషి. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి చూశాడు. రెండూ ఒకవైపే పెట్టి చూశాడు. నడుము సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు.

ధవళేశ్వరం దాటాక నెమ్మదిగా అడిగాడు.

"ఇక్కడ కాళ్ళు ఎక్కడ పెట్టుకునేదే, మీ వదిన?"

ముందు సీట్లో బావగారు ఈసారి వెనక్కి తిరగలేదు.

ఆ జవాబు చెప్పగలిగిన మనిషిని అప్పుడే ఘాట్‌లో వదిలి వస్తున్నాం.

వదినా, మన గొడవలో ఇప్పటికీ నేనే రైట్. కాదనడానికి నువ్వు ఉండాల్సింది.

కిటికీ పక్కన కూర్చో. కాళ్ళు బారచాపుకో. నిన్ను జరగమనేవాళ్ళు లేని చోట నీ నడుముకీ, నీకూ శాంతి దొరకాలి.