పుట్టిలో ఎదురెదురుగా

పుట్టికి ముందూ వెనకా ఉండవు. వెదురుబద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున ఎనుము తోలు బిగించి, తారు పూసి నీళ్లలోకి తోస్తే అదే పడవ. తెడ్డు ఒకవైపే వేశామా, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. మొదటి ఏడాది తుంగభద్ర మీద మేము ఎంత తిరిగామో చెప్పలేను గానీ, కర్నూలు రేవు దాటి గజం దూరం కూడా పోలేదు. ఒడ్డున బట్టలు ఉతికే ఆడవాళ్లు "యాడికప్పా ప్రయాణం?" అని అడిగేవాళ్లు. "హైదరాబాదుకమ్మా" అనేవాణ్ణి. అవతలి ఒడ్డు ఆ రోజుల్లో హైదరాబాదు రాష్ట్రమే కాబట్టి అది అబద్ధం కాదు. ఈ కథలో నేను ఆడిన అబద్ధం వేరే ఉంది, దాని దగ్గరికే వస్తున్నాను.

మాది ఆదివారం గుంపు. వరద తగ్గి నీళ్లు తేటపడినప్పటి నుంచి, ఎండలు ముదిరి ఇసుక బయటపడేదాకా ఆదివారం వస్తే మేము నది మీదే. నేను పనిచేసే సైకిలు షాపు సాహెబు ఒకడు, ఆయన్ని నేను మామా అనేవాణ్ణి. హోటల్లో దోసెలు పోసే నా స్నేహితుడు ఇంకొకడు. పుట్టి సొంతదారు ఒక ముసలాయన, అందరికీ తాత. రేవులో ఎక్కి, ప్రవాహంతో పాటు రెండు మైళ్లు దిగువకు పోయి, ఇసుక దిబ్బ మీద ఏదైనా వండుకుని తినేవాళ్లం. పోయేటప్పుడు హాయిగానే ఉంటుంది. పుట్టి ఏటికి ఎదురు రాదు గదా, అందుకని తిరిగి వచ్చేటప్పుడు దాన్ని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఒడ్డు వెంట నడవాలి. పోయేటప్పుడు అది మమ్మల్ని మోసేది, వచ్చేటప్పుడు దాన్ని మేము మోసేవాళ్లం. ఎవరి బాకీ వాళ్లు తీర్చుకున్నట్టు ఉండేది.

ఒకసారి కొత్త తోలు వేసిన పుట్టిని ఒడ్డున బోర్లించి, చింతచెట్టు నీడలో కునుకు తీశాం. లేచి చూస్తే ఊరకుక్కలు నాలుగు చేరి, పడవను ఒక పక్కనుంచి నింపాదిగా తింటున్నాయి. పడవలు మునిగిన సంగతి లోకం వినే ఉంటుంది. పడవను కుక్కలు తింటే నడిచి ఇంటికి వచ్చినవాళ్లం మేమే.

అలా నవ్వుకుంటూ తిరిగే రోజుల్లో నాకు పెళ్లయింది. అమ్మాయిది మైదుకూరు పక్కన పల్లె. ఏడో తరగతి చదివింది. ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి, ట్రైనింగు అయ్యి, పంతులమ్మ కావాలని ఆమె కోరిక. పొలం ఉన్న సంబంధాలు రెండు వస్తే, చదువుకున్నవాడైతేనే చేసుకుంటానని కూర్చుందట. మా మేనమామ పెళ్లిచూపుల్లో కాఫీ తాగుతూ, "మావోడు పది చదివినాడు. ఎనిమిదో తరగతి చెప్పడం వానికి ఒక లెక్కా?" అనేశాడు. ఆమె తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు చూశాక కాదనడానికి నాకు నోరు రాలేదు. జేబులో పెన్ను ఒకటి ఉంది, దాన్ని కాస్త పైకి లాగి పెట్టుకున్నాను.

నా చదువు ఐదు. ఆరో తరగతిలో మూడు నెలలు కూర్చున్నాను. ఒకరోజు మధ్యాహ్నం మా సారు తన సైకిలుకు గాలి కొట్టించుకుని రమ్మని పంపాడు. పోయాను. షాపులో సాహెబు చక్రం విప్పి, ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు లేచేచోట వేలు పెట్టి రంధ్రం పట్టుకున్నాడు. అంతకంటే గొప్ప విద్య నాకు అప్పటిదాకా ఎవరూ చూపించలేదు. సైకిలు వేరేవాళ్లు తీసుకుపోయి ఇచ్చారు. నేను మాత్రం తిరిగి పోలేదు.

పెళ్లయిన వారానికే ఆమె ట్రంకుపెట్టెలోంచి పుస్తకాలు తీసి, చాప మీద పేర్చి కూర్చుంది. నేను చేతులు చూపించి, "గ్రీజు. పుస్తకం పాడైపోతుంది" అన్నాను. మర్నాడు నేను వచ్చేసరికి చెంబుతో నీళ్లు, బూడిద, కొత్త సబ్బుబిళ్ల పెట్టుకుని వాకిట్లో ఉంది. నా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, గోళ్ల సందుల్లోంచి కూడా నలుపు పోయేదాకా రుద్దింది. నా చేతులు అంత తెల్లగా ఉంటాయని నాకే తెలియదు. ఆ తెల్లటి చేతులతో పుస్తకం పట్టుకుని, లెక్క చూసి, చదవమని ఆమెకే ఇచ్చాను.

"పది మంది ఎనిమిది దినాల్లో ఒక బావి తవ్వితే, ఐదుగురు ఎన్ని దినాల్లో తవ్వుతారు?" అని చదివింది ఆమె.

"యాడ తవ్వుతాండారు?"

"అది రాయలేదు."

"మన సీమలో అయితే ఎన్ని దినాలు తవ్వినా నీళ్లు పడవు. లెక్కే తప్పు."

ఆమె నవ్వింది. ఆ పూట గడిచింది. అలా మూడు నెలలు నవ్వించి గడిపాను. పరీక్ష ఎండాకాలంలో. కార్తీకం వచ్చేసింది, పుస్తకంలో ఆ బావి లెక్క దగ్గరే ఉన్నాం. ఆమె నవ్వడం కూడా తగ్గిపోయింది.

ఆ కార్తీకంలో వనభోజనానికి ఆడవాళ్లను కూడా పుట్టిలో తీసుకుపోదామని మా గుంపు అనుకుంది. ఇసుక దిబ్బ మీద ఉసిరిచెట్టు ఉండదు గనక, కొమ్మ ఒకటి నరికి తీసుకుపోయి పాతుకోవాలి. ఆదివారం పొద్దున రేవుకు పోతే, ఆ ఉసిరికొమ్మ పట్టుకుని మా సారు నిలబడి ఉన్నాడు! జుట్టు నెరిసిందే గానీ అదే అద్దాలు, అదే ఉత్తరీయం.

"పంచరుకు వచ్చింటే నేనే పిలిచినా. ఒంటరి మనిషి, పాపం" అన్నాడు మామ నా చెవిలో.

"మామా, నా కొంప ఆర్పినావు."

"అరే, నేనేం చేసినా?" అని, నా పక్కనున్న ఆమెను చూసి నాలుక కరుచుకున్నాడు.

తాత పుట్టిలో ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్లను కూర్చోనివ్వడు. మనుషుల్ని ఎగాదిగా చూసి, బరువుకు బరువు ఎదురుగా పెడతాడు. మామకు ఎదురుగా దోసెల వాణ్ణీ, వాడి భార్యనూ కూర్చోబెట్టాడు. తర్వాత మా ఇద్దర్నీ చూశాడు.

"నువ్వూ నీ పెండ్లామూ ఒగటే బరువప్పా. ఎదురెదురుగా కూర్చోండి. సారూ, మీరు ఆయమ్మ పక్కన రాండి, మీ బరువుకు నేను ఈ పక్క ఉంటా."

"ఒగటే బరువంట! కూడు అంతా ఆయమ్మకే పెడతాండావా ఏమిరా?" అన్నాడు దోసెల వాడు.

"నీ దోసెలు తిని తగ్గినాలేరా" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, రెండు చేతులతో అంచు పట్టుకుని నీళ్లనే చూస్తోంది. వాళ్ల ఊళ్లో వంక పారితే పండగ. కొంతసేపటికి, "ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకోని మా ఊరికి ఎందుకు పంపరు?" అంది, తుంగభద్ర నా సొంతమైనట్టు. నాకు ఆమెను చూస్తే ముద్దొచ్చింది. పక్కనే సారును చూస్తే చెమటలు పట్టాయి.

"ఏమమ్మా, చదువుకున్నావా?" అని అడగనే అడిగాడాయన.

"ఏడు అయింది సార్. ఎనిమిది ప్రైవేటుగా రాయాలని ఉండాది. ఆయప్ప చెప్తానన్నాడు గానీ, షాపులో పని శానా ఉండాదంట. పదో తరగతి చదివిండాడు గదా, కూర్చుంటే చెప్పగలడు."

మామకు దగ్గు వచ్చింది. దోసెల వాడు ఆకాశంలో కొంగల్ని వెతికాడు. సారు నోరు తెరవబోతున్నాడని చూసి నేను గభాలున లేచి నిలబడ్డాను.

"అదో, మొసలి!"

పుట్టిలో లేచి నిలబడకూడదు. అది ఒక పక్కకు ఒరిగి, దోసెడు నీళ్లు లోపలికి తాగి, బొంగరంలా తిరగడం మొదలుపెట్టింది. ఆడవాళ్లు కేకలు వేశారు. తాత తెడ్డుతో నా పిక్క మీద ఒకటి వేశాడు.

"కూర్చోరా! ఈ ఏట్లో నీకంటే పెద్ద మొసలి యాడుండాది?"

కూర్చున్నాను. నాలుగు చుట్లు తిరిగి పుట్టి నిలిచింది. నేను చేసిన తెలివితక్కువ పని అదే. పుట్టి తిరిగితే అందరూ కలిసి తిరుగుతారు, ఎదురుగా ఉన్నవాళ్లు ఎదురుగానే ఉంటారు. ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ మళ్లీ సారు వైపు తిరిగింది.

"మీకు ఆయప్ప ముందే తెలుసునా సార్?"

"నా దగ్గరే చదివినాడమ్మా."

"ఏ క్లాసులో?"

సారు అద్దాలు తీసి ఉత్తరీయంతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. "తెలివి గల్లోడమ్మా. యాడిదాకా చదివినాడో వాడే చెప్తాడు" అన్నాడు.

నా వైపు చూశాడు. అందులో కోపం లేదు. క్లాసులో ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగేటప్పుడు అలాగే చూసేవాడు. ఆయన ఆగడం చూస్తే నాకు చిన్నప్పుడూ భయమే.

"ఐదు" అన్నాను. "ఆరులో మూడు నెలలు. సారు సైకిలుకు గాలి కొట్టించుకోని రమ్మంటే పోయి, షాపులోనే నిలిచిపోయినా. పది అని మా మేనమామ చెప్పినాడు. నేను కాదనలేదు."

గాలి సంగతి చెబితే జనం పడీపడీ నవ్వేవాళ్లు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఆమె నా ముఖం చూసింది, తర్వాత నా చేతులు చూసింది. ముఖం తిప్పుకుందామన్నా పుట్టిలో తావు లేదు. కళ్లు మూసుకుని కూర్చుంది. దిబ్బ చేరేదాకా తాత తెడ్డు చప్పుడే వినబడింది.

దిబ్బ మీద ఉసిరికొమ్మ పాతి, మూడు రాళ్లు పెట్టి వండారు. చిత్రాన్నం, అలసంద వడలు. ఆమె అందరికీ వడ్డించింది, నాకూ వడ్డించింది. ఉప్పు సరిపోయిందా అని మాత్రం నన్ను తప్ప అందర్నీ అడిగింది. దోసెల వాడి భార్యతో అంటుంటే విన్నాను.

"మా యన్న బుధవారం వస్తాడక్కా. పెట్టె సర్దుకోవాల."

చేతిలో వడను తిరిగి ఆకులోనే పెట్టేశాను. తిన్నాక చూస్తే, ఆమె, సారు నీళ్ల అంచున నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. దగ్గరికి పోయే ధైర్యం లేక గిన్నెలు తోమాను.

ఎండ కాస్త వాలాక పుట్టిని బోర్లించి నలుగురం నెత్తిన పెట్టుకున్నాం. ముందు తాత, మామ. వెనక నేను, దోసెల వాడు. సారు, ఆడవాళ్లు సామాన్లు పట్టుకుని ముందే నడిచారు. పుట్టి కింద చీకటిగా, తడి తోలు వాసనతో ఉంటుంది. బయటి లోకంలో మనకు కనబడేవి పాదాలే. ఇసుక, ముళ్లు, మేకల గిట్టలు, ఎదురొచ్చేవాళ్ల చెప్పులు. అలా ఒక అరమైలు నడిచాక, దారి పక్కన రెండు పాదాలు నిలబడి ఉన్నాయి. మెట్టెలు చూసి గుర్తుపట్టాను. పుట్టి దగ్గరికి వచ్చేదాకా ఆగి, నా పక్కన నడవడం మొదలుపెట్టాయి.

"ఇదో, నిన్నే."

"ఊ."

"ఐదన్నా నిజమేనా? అది కూడా మీ మేనమామ చెప్పిందేనా?"

"నిజమే. సారును అడుగు."

"అడిగినా." ఆ పాదాలు ఒక ముళ్లకంపను తప్పించుకుని వచ్చాయి. "ఎందుకు దాచినావు?"

నా దగ్గర హాస్యాలు సిద్ధంగానే ఉన్నాయి. ఆమె ముఖం కనబడితే ఏదో ఒకటి అనేసేవాణ్ణే. పాదాలతో ఎవరు హాస్యమాడతారు?

"తెలిస్తే పోతావని" అన్నాను.

"ఇప్పుడు పోనని ఎవురు చెప్పినారు?"

నలుగురం ఆగిపోయాం. "నిలబడొద్దప్పా, మెడలు ఇరుగుతాయి. నడుస్తా మాట్లాడుకోండి" అన్నాడు తాత.

నడిచాం. ఆమె పాదాలు కూడా నడిచాయి.

"సారు సాయంత్రం ఆరుకు ఇంట్లో ఉంటాడంట. నాకు చెప్తానన్నాడు."

"మంచిదే."

"ఒక్కదాన్నే పోను."

"నేను తోడు వస్తా. అరుగు మీద కూర్చుంటా."

"అరుగు మీద ఎందుకు? లోపల కూర్చోవాల. నీకూ చెప్పమని అడిగినా."

దోసెల వాడు కిసుక్కుమన్నాడు. "నవ్వొద్దురా" అని మామ ముందునుంచి గదమాయించాడు.

నేను ఊపిరి కూడగట్టుకుని అడిగాను. "బుధవారం మీ యన్న?"

"వస్తాడు. అన్నం తిని పోతాడు."

 నెత్తి మీద పుట్టి ఉందో లేదో తెలియలేదు. అది నా ఊపిరిలోనే ఆమెకు తెలిసిందేమో, "ఆ అబద్ధం సంగతి అట్లే ఉండాది. ఇంటికి పోయినాక మాట్లాడతా" అని గట్టిగా అంది. "ఎక్కాలు యాడిదాకా వస్తాయి?"

"పన్నెండు."

"పదమూడు చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. చేతులకు గ్రీజు లేదు గదా."

మొదలుపెట్టాను. పదమూడొకట్ల పదమూడు, పదమూడ్రెళ్లు ఇరవై ఆరు. దోసెల వాడు నాతో గొంతు కలిపాడు, మామ కూడా కలిపాడు. పదమూడార్లు డెబ్బై ఎనిమిది దాకా అడుగుకో మాటగా బాగానే నడిచింది. ఏడ్ల దగ్గర నాకు నోరు ఆగిపోయింది. "తొంభై మూడు" అన్నాడు మామ. "ఎనభై తొమ్మిది. ఎవుర్నన్నా అడుగు" అన్నాడు, బడి ముఖమే చూడని తాత.

"తొంభై ఒకటి" అంది ఆమె బయటినుంచి. "మళ్లా మొదట్నుంచి."

తోలు కింద నాలుగు గొంతులూ కలిసి మొదలుపెట్టాయి.