నంజమ్మ పుట్టగొడుగుల గది

ఉడికిన వరిగడ్డి వాసన తేమగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఈ ఉదయం పెరట్లో అండా మూత తీయగానే ఆ ఆవిరి ముఖానికి కొట్టింది. అండా పక్కన నంజమ్మ నిలబడి ఉన్నట్టే అనిపించింది. కెలమంగలం దాటాక ఒక చిన్న పల్లెలో, రెండు గదుల రేకుల ఇంట్లో ఆమె ఉండేది. ఒక గదిలో తాను, రెండో గదిలో పుట్టగొడుగులు. హోసూరు హోటళ్ళకు బస్సులో బుట్ట పంపేది. ఆ గదే ఆమెకు కూడు. పోయిన ఏడు కన్నుమూసింది.

మా తాత కాలంలో మాకు మల్బరీ తోటలూ, పట్టుపురుగులు పెంచే పెద్ద ఇల్లూ ఉండేవి. వరుసగా నాలుగైదు పంటలు పురుగులు తట్టల్లోనే చచ్చాయి. తోటలు చేతులు మారాయి. దానికి మా ఇంట్లో ఒకే కారణం చెప్పేవారు: పురుగుల ఇంట్లో పనిచేసే నంజమ్మకు శుభ్రం లేదు, రోగం ఆమే తెచ్చింది, అందుకే పంపేశాం అని. నేను ఆ మాట వింటూ పెరిగాను. కంపెనీలో ఉద్యోగం పోయి, ఇంట్లోనే పుట్టగొడుగులు పెంచాలని అనుకున్నప్పుడు, ఎవరిని అడిగినా నంజమ్మ పేరే చెప్పారు. ఆమె ఇంటికి వెళ్ళడానికి నాకు నెల రోజులు పట్టింది.

ఆమె నన్ను గుర్తుపట్టింది. ఏమీ అడగలేదు. గది తలుపు తీసి గడప బయటనే నిలబెట్టి చూపించింది. మసక వెలుతురు, తడి గోనెపట్టాలు, వరసగా వేలాడే గడ్డి సంచులు. వాటి చిల్లుల్లోంచి గుత్తులు గుత్తులుగా తెల్లటి పుట్టగొడుగులు. శుభ్రం తెలియదని మా ఇంట్లో చెప్పుకున్న మనిషి గది అది. మా పూజగది కూడా అంత శుభ్రంగా ఉండేది కాదు.

పని అంతా పెరట్లోనే నేర్పింది. గడ్డిని గంటసేపు ఉడికించడం, గుప్పిట్లో పిండితే చుక్క రాలనంత వరకు నీడన ఆరబెట్టడం, సంచిలో ఒక వరస గడ్డి, ఒక వరస పుట్టగొడుగు విత్తనం వేయడం. నేను గడ్డిని కోపంగా అదుముతుంటే నవ్వింది.

“మెల్లగప్పా. అది మీ ఇంటి కూలి కాదు, అదిలిస్తే పని చేసేదానికి.”

మొహం మాడ్చుకున్నాను గాని చెయ్యి మెత్తబడింది.

ఇంట్లో నేను కట్టిన మొదటి సంచుల్లో పచ్చ బూజు పట్టింది. ఒకటి చంకన పెట్టుకుని నంజమ్మ దగ్గరికి పోయాను. ఆమె గదిలో నీళ్ళు చిలకరిస్తోంది. గడప ముందు తట్టలో సున్నపు పొడి ఉంది. ఎవరు వచ్చినా కాళ్ళు కడుక్కుని, అది తొక్కే లోపలికి పోవాలి.

“ఆ సంచి ఆడనే పెట్టండప్పా. లోపలికి తేవద్దు,” అంది.

వాకిట్లోనే పెట్టమని ఒకప్పటి మా కూలిమనిషి నాకు చెప్పడమా అనుకున్నాను. తట్ట దాటి, చెప్పులతోనే, సంచితోనే లోపలికి పోయాను. ఆమె ఒక్క క్షణం నా కాళ్ళ వైపు చూసింది. గబగబా నన్ను బయటికి తెచ్చి, బూజు ఎందుకు వచ్చిందో పెరట్లో వివరించింది. గడ్డిలో తడి ఎక్కువైందట. పోయేటప్పుడు కొత్త విత్తనం కూడా ఇచ్చింది.

రెండు వారాల తర్వాత పోతే ఆమె ఇంటి వెనక గొయ్యి తవ్వుతోంది. పక్కన కుప్పగా ఆమె సంచులన్నీ. ఒక్కటీ మిగల్లేదు. అన్నిటి మీదా అదే పచ్చ బూజు.

“నా వల్లేనా?” అన్నాను.

ఆమె పార ఆపలేదు. “మళ్ళీ కట్టుకుంటా లేండి. హోటలోళ్ళు ఆగుతారో లేదో, అదే.”

“ఆ రోజు గట్టిగా ఆపొచ్చు కదా?”

“మీ తాత కూడా ఇంతేనప్పా. మేమంతా సున్నం తొక్కి పురుగుల ఇంట్లోకి పోతాంటిమి. ఆయప్ప ఊరంతా తిరిగి, చెప్పులతోనే తట్టల మధ్య నడుస్తాండె. ఏ ఇంట్లో పురుగులు చస్తే ఆ ఇంటికి పోయి చూసొచ్చి, నేరుగా మన ఇంట్లోకే.”

“మరి అప్పుడెందుకు చెప్పలేదు?”

నంజమ్మ అప్పుడు పార ఆపింది. నా వైపు చూసింది.

“చెప్పినాను. దానికే కదా నన్ను పంపించినారు.”

తప్పు మాదే అనాలని ఉంది. ఆమె చేతిలోంచి పార తీసుకుని, సంచులన్నీ అందులో వేసి గొయ్యి నేనే పూడ్చాను. హోటళ్ళలో రెండు ఆగలేదు, వేరే చోట తెప్పించుకున్నాయి. ఆమె మళ్ళీ సంచులు కట్టింది. నా గడ్డి మళ్ళీ తడిగా ఉందని మళ్ళీ తిట్టింది. ఆ మాట మాత్రం ఇద్దరం మళ్ళీ ఎత్తలేదు. ఆమె పోయేదాకా నేను అనాల్సింది అనలేదు.

నంజమ్మను మట్టి చేసిన రోజు సూళగిరిలో ఉన్న మా మేనత్త దగ్గరికి పోయి అంతా చెప్పాను. మా ఇంట్లో ఆ కాలం మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే.

“మాకు తెలుసులే. యాడా అనొద్దు,” అంది.

అందుకే రాస్తున్నాను.