చక్కెర కట్టు

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ల వార్డు హెడ్ సిస్టర్‌ని అందరూ చాటుగా ‘తేదీల సిస్టర్’ అనేవాళ్లు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో గడువు దాటిన మందు ఒక్కటి కూడా ఆమె చేతుల మీదుగా రోగికి చేరలేదు. ప్రతి సోమవారం అల్మారా తెరిచి, సీసాలన్నీ బల్ల మీద వరసగా నిలబెట్టి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి ఒక్కో చీటీ చదివేది. ఇంట్లోనూ అదే తంతు. పిండి డబ్బా, సబ్బు బిళ్ల, ఏదీ ఆమె కన్నుగప్పలేకపోయేది.

“నా గడువు కూడా ఎప్పుడో దాటిపోయిందే తల్లీ, నన్నెప్పుడు పారేస్తావ్?” అని తండ్రి ఎగతాళి చేసేవాడు.

తండ్రి వడ్రంగి. డెబ్బై దాటినా ఉలి వదల్లేదు. ఒకరోజు తలుపుచెక్కకి గాడి తీస్తుంటే ఆ ఉలే జారి మోకాలి కింద దిగింది. కుట్లు వేశారు, విప్పారు, గాయం మాత్రం మూతపడలేదు. రక్తపరీక్షల్లో ఏ జబ్బూ తేలలేదు. రెండు నెలలపాటు కూతురే రోజూ కడిగి, ఆసుపత్రి పూతమందు రాసి, కట్టు కట్టింది. చీము తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టేది. గదిలో అడుగుపెడితే వాసన గుప్పుమనేది. పలకరించడానికి వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి సమయంలో ఆమెకు వేరే ఊళ్లో మూడు వారాల శిక్షణ పడింది. తప్పనిసరై మేనత్తని పిలిపించింది. మేనత్త తండ్రికి అక్క. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. మొగుడు బతికున్న రోజుల్లో బళ్ల షెడ్డులో గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. గుర్రం కాలు కదలకుండా పట్టుకోవడం ఈవిడ వంతు.

శిక్షణ ముగించుకుని సిస్టర్ ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. పక్కింటి దర్జీ, ఆయన భార్య మంచం పక్కనే కూర్చుని కబుర్లాడుతున్నారు. మేనత్త తన ఇంటి నుంచి తెచ్చుకున్న తుప్పు మరకల డబ్బాలోంచి చెంచాతో చక్కెర తీసి తండ్రి కాలి పుండులో కూరుతోంది.

సిస్టర్ చేతిలో సంచీ కింద పడింది. “ఏం చేస్తున్నావత్తా? నీకేమైనా మతిపోయిందా?”

“చక్కెరే అమ్మాయ్. గుర్రానికి గిట్ట పగిలితే మీ మామ ఇదే కూరి కట్టేవాడు. నాలుగు రోజుల్లో...”

“మా నాన్న గుర్రమా? చీమలకి విందు పెడుతున్నావా? ఈ డబ్బా మీద తేదీ చూశావా, ఆరేళ్లయింది! నిన్ను నమ్మి వదిలెళ్లాను చూడు, నన్ను నేననుకోవాలి!”

డబ్బా లాక్కుని తొట్టిలో కుమ్మరించింది. గడ్డకట్టిన చక్కెర ధబ్బున పడింది. కుళాయి తిప్పింది. దర్జీ దంపతులు ఒకరి మొహాలొకరు చూసుకుని మెల్లిగా లేచారు. మేనత్త చెంచా కడిగి, కొంగుతో తుడిచి, దాని చోట దాన్ని పెట్టింది.

“వాసన పోయింది. ముందది చూడు” అని మాత్రం అంది.

సిస్టర్ విసవిసా నీళ్లు తెచ్చి గాయం కడగసాగింది. చక్కెర కరిగిపోయాక ఆమె చెయ్యి ఆగింది. లోపల చీము చుక్క లేదు. కండ ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. అంచులు దగ్గరపడుతున్నాయి. ఇరవై రెండేళ్లుగా గాయాలు చూస్తున్న మనిషి, చూడగానే అర్థమైంది. మేనత్త అప్పటికింకా గుమ్మంలో చెప్పులు వేసుకుంటూనే ఉంది. పిలిస్తే వినిపించేంత దూరం. సిస్టర్ తల వంచుకుని కట్టు కడుతూ కూర్చుంది.

మర్నాడు తండ్రిని పెద్ద డాక్టరుకు చూపించింది. చుట్టూ నలుగురు పిల్ల నర్సులున్నారు. డాక్టరు వంగి చూసి కనుబొమలెగరేశాడు.

“రెండు నెలలు మొండికేసిన పుండు ఇది! ఏం వాడారు?”

“చక్కెర, సార్.”

“అబ్బో! పాత పద్ధతి. గాయంలో నీరు పీల్చేస్తుంది, క్రిములకి బతకడానికి తడి దొరకదు. ఎవరు కట్టారు?”

“నేనే సార్.”

ఒక్క మాట. నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. తండ్రి ఒక్కసారి కూతురి వైపు చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

“గడువు దాటిన చక్కెరైతే, సార్?” అని గొణిగింది.

“చక్కెరకి గడువేంటి సిస్టర్? తడి తగలనివ్వకపోతే ఏళ్ల తరబడి ఉంటుంది. గడ్డకట్టినంత మాత్రాన చెడినట్టు కాదు. కాకపోతే ఇంట్లో డబ్బా వద్దు, శుభ్రమైనది వాడదాం. మా కళ్లముందే కట్టాలి. వీళ్లకి మీరే నేర్పండి.”

నేర్పింది. నెల తిరిగేసరికి ఐదు పడకల మీద చక్కెర కట్లు. పిల్ల నర్సులు పుస్తకాల్లో రాసుకున్నారు. ఒక ముసలి రోగి ఆమె రెండు చేతులూ పట్టుకుని “నీ చేతిలో ఏదో ఉందమ్మా” అంటే, ఆ చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. వేడినీళ్ల కుళాయి కింద చాలాసేపు పెట్టుకుని నిలబడింది.

ఇంట్లో తండ్రి మాటలు తగ్గించేశాడు. “నీళ్లు కావాలా నాన్నా?” అంటే “ఉన్నాయి.” “నొప్పుందా?” అంటే “లేదు.” గాయం పూర్తిగా మానిన రోజు మాత్రం మచ్చ మీద వేలు రాస్తూ అన్నాడు:

“ఆ రోజు నేనైనా చెప్పుండాల్సింది. కన్నకూతురి పరువు పోతుందని నోరు మూసుకున్నా. ఇప్పుడు మా అక్క దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?”

కోప్పడి ఉంటే ఆమె తట్టుకునేది. తన సిగ్గు తండ్రి కూడా మోస్తున్నాడని తెలిసేసరికి అన్నం సహించలేదు. ఆ సాయంత్రమే లాండ్రీకి వెళ్లింది. ఆవిరిలో మేనత్త దుప్పటి కొసలు కలుపుతోంది. సిస్టర్ ఏడుస్తూ మొత్తం చెప్పింది. డాక్టరుతో అన్న ఆ ఒక్క మాట కూడా.

మేనత్త మడత ఆపలేదు. “నర్సు పిల్లలకి చెప్పావా?”

“రేపు చెప్తానత్తా.”

“నువ్వు అరిచింది దర్జీ వాళ్ల ముందు. వాళ్లకీ చెప్పు.”

“చెప్తాను.”

“అయితే ఆ కొస పట్టుకో” అంది. ఇద్దరూ కలిసి పదిహేను దుప్పట్లు మడతపెట్టారు.

వార్డులో చెప్పడం తేలికే అయింది. డాక్టరు ఒక్క క్షణం ఆమెను తేరిపార చూసి “ఆవిడనోసారి తీసుకురండి, గుర్రాల సంగతి వినాలి” అన్నాడు. పిల్ల నర్సులు మాత్రం ఆ తర్వాత ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. అది గౌరవమో, ఇంకొకటో ఆమె అడగలేదు. దర్జీ ఇంటి తలుపు తట్టడమే కష్టమైంది. రెండుసార్లు మెట్లెక్కి దిగింది. మూడోసారి తట్టింది. ఆయన విని, “మేమెప్పుడో మర్చిపోయామమ్మా” అన్నాడు. వాళ్లావిడ మర్చిపోలేదని మొహంలోనే తెలిసింది.

ఆదివారం మేనత్త తమ్ముణ్ణి చూడటానికి వచ్చింది. అక్కాతమ్ముళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుని చాలాసేపు నవ్వుకున్నారు. సిస్టర్ టీ పెట్టి తెచ్చేసరికి మేనత్త ఖాళీ కుర్చీ పక్కన నిలబడి ఉంది.

“ఇక్కడ కూర్చోవచ్చా అమ్మాయ్?” అని అడిగింది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆ ఇంట్లో ఆమె అంతకుముందెన్నడూ ఏదీ అడిగి చేసిన మనిషి కాదు. సిస్టర్ కప్పులు బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకు లాగింది.