మల్లవ్వ పెద్దమ్మ చెప్పిన పొట్టేలు కథ

నిన్న సాయంత్రం కొత్తకోట బస్టాండులో వాన తగ్గేదాకా కూర్చున్నాను. తడిసిన గొంగడి కప్పుకుని ఓ పెద్దాయన వచ్చి నా బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ ఉన్ని వాసనకు అవతలి చివరనున్న ఇద్దరు ముఖం చిట్లించి లేచిపోయారు. నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను. పదేళ్ల కింద నా తల కింద మడిచి పెట్టిన గొంగడి వాసన అదే. నా బస్సు వచ్చింది, పోయింది. నేను లేవలేదు.

డిగ్రీ రెండో ఏట క్లాసులో మొదటిసారి ఫిట్స్ వచ్చి పడిపోయాను. మందులతో బాగానే తగ్గాయి కానీ భయం తగ్గలేదు. వచ్చినప్పుడల్లా కళ్లు తెరిచేసరికి చుట్టూ ముఖాలు, గుప్పిట్లో ఎవరో ఇరికించిన తాళంచెవుల గుత్తి, పక్కన అమ్మ ఏడుపు. అబ్బ, ఆ ముఖాలు! వాటిని మళ్లీ చూడాల్సి వస్తుందని బస్సెక్కడం మానేశాను, పెళ్లిళ్లు మానేశాను, చివరికి కాలేజీ మానేశాను. స్నానాల గదికి గొళ్లెం కూడా పెట్టుకోనిచ్చేది కాదు అమ్మ. ఇరవై ఏళ్ల పిల్లకు అదెంత సిగ్గో చెప్తే అర్థం కాదు.

నేను వెళ్లే ఒకే ఒక్క చోటు పక్కింటి మల్లవ్వ పెద్దమ్మ వాకిలి. పెనిమిటి గొర్లు తోలుకుపోతే ఆమె ఇంట్లో ఉన్ని వడికేది. చెయ్యి ఆగేది కాదు, నోరు అసలే ఆగేది కాదు. ఒకరోజు వాళ్ల అత్త కథ చెప్తోంది. కొడుకు మంచి పొట్టేలును అంగట్లో అమ్ముతానంటే ఆ అత్త దాన్ని ఎవరికీ దొరక్కుండా దాచేసిందట. అంతవరకే విన్నాను. కళ్లు తెరిచేసరికి ఒక పక్కకు ఒత్తిగిల్లి ఉన్నాను, తల కింద గొంగడి ఉంది. పెద్దమ్మ నా పక్కనే కూర్చుని ఉన్ని వడుకుతోంది.

“గట్ల ఊరంత దేవులాడిన్రు బిడ్డా, దొరికితేనా!” అంది, అసలేమీ జరగనట్టు.

“పెద్దమ్మా, నాకొచ్చిందా?”

“వచ్చింది, పోయింది. ఇను.”

ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఆమె ముఖం మామూలుగా ఉంది, అంతే. ఆ మామూలు ముఖం కోసం రోజూ వెళ్లేదాన్ని.

అయినా ఆ చలికాలం నేను మంచం దిగలేదు. ఫిట్స్ లేవు. తినబుద్ధి కాదు, మాట్లాడబుద్ధి కాదు, తెల్లారుతుంటే ఎందుకు తెల్లారుతోందా అనిపించేది. చచ్చిపోతే బాగుండుననుకున్నాను. ఎవరితోనూ అనలేదు. ఇంట్లో వాళ్లు ఫిట్స్ రావట్లేదని సంబరపడుతున్నారు మరి! పెద్దమ్మ వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చునేది. “లెవ్వమని అంటలేను. ఊకె కూసుంట,” అనేది. వారం చూసి, అమ్మను వెంటబెట్టుకుని నన్ను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ ఫిట్స్ గురించి అడిగి, మనసెలా ఉంటోందని కూడా అడిగింది. “బాగానే ఉందండీ,” అన్నాను.

“అబద్ధమమ్మా,” అంది పెద్దమ్మ వెనకనుంచి. “ఫిట్స్ వస్తె జరసేపటికి లేస్తుండె. గిదేందో వచ్చినంక లేస్తనే లేదు.”

డాక్టరమ్మ మిగతా వాళ్లను బయట కూర్చోమంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడిగింది. మొదటిసారి అవునన్నాను. అని, వెక్కి వెక్కి ఏడ్చాను. ఫిట్స్ ఉన్నవాళ్లలో ఈ దిగులు, ఈ భయం చాలామందికి వస్తాయని, అది నా చేతకానితనం కాదని, దానికీ వైద్యం ఉందని చెప్పింది. మందు రాసింది, మాట్లాడటానికి మళ్లీ మళ్లీ రమ్మంది. ఒక్కసారిగా ఏమీ మారలేదు. మెల్లగా అన్నం రుచి తెలిసింది. చాలా నెలలకు ఒంటరిగా బస్సెక్కాను. ఇప్పుడు కొత్తకోటలో చీరల కొట్లో పనిచేస్తున్నాను.

పోయిన ఎండాకాలం పెద్దమ్మ మంచాన పడింది. కాసేపు తెలివి, కాసేపు మగత. పక్కన కూర్చున్నాను. ఆమె కళ్లు తెరిచినప్పుడు ఎట్లుందని అడగలేదు, ఆ కథే అందుకున్నాను.

“ఊరంత దేవులాడిన్రు. మరి మీ అత్త పొట్టేలును యాడ దాచింది పెద్దమ్మా?”

నవ్వింది. “చెప్తగని, జర ఆగు,” అంది. మళ్లీ కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లలో ఆ కథ చివరిదాకా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, చెప్పకుండానే పోయింది.

ఇప్పటికీ ఎప్పుడైనా ఒకసారి ఫిట్స్ వస్తాయి. కొట్లో నాతో పనిచేసే లక్ష్మికి అంతా చెప్పి పెట్టాను. నన్ను పక్కకు తిప్పుతుంది, నా పక్కనే ఉంటుంది. నేను కళ్లు తెరవగానే ఏ చీర దగ్గర మాట ఆగిందో అక్కడినుంచే అందుకుంటుంది. మంచి పిల్ల. కానీ ఆమె గొంతు ఇంకా చెవికి అందకముందు ఒక్క క్షణం, నా తల కింద గొంగడి ఉన్నట్టే ఉంటుంది. పొట్టేలు ఎక్కడుందో ఇప్పుడు చెప్తుందని ఎదురుచూస్తాను. చెప్పు పెద్దమ్మా, ఇంటున్న.